ఒకే పాఠానికి రెండుసార్లు డబ్బు కట్టకండి

మీ చుట్టాల్లో ఇలాంటివాళ్ళు ఒక్కరైనా ఉండే ఉంటారు. నాలుగేళ్ళ కిందట డ్రైవింగ్ స్కూల్లో చేరారు. ఫీజు మొత్తం కట్టారు. ఇరవై రోజులు తెల్లారకముందే లేచి వెళ్ళారు. లైసెన్సు కార్డు కూడా ఇంటికొచ్చింది. ఇవాళ కారు తాళం చేతిలో పెడితే మాత్రం, "అమ్మో, నా వల్ల కాదు" అంటారు. మళ్ళీ నేర్చుకోవాలంటే మళ్ళీ స్కూలు, మళ్ళీ ఫీజు. మీరూ అదే పరిస్థితిలో ఉన్నారా? లేక ఇప్పుడిప్పుడే చేరదామనుకుంటూ, ఎంత ఖర్చవుతుందోనని ఆలోచిస్తున్నారా?

నేను రెండుసార్లు కట్టినదాన్ని. మొదటిసారి చేరింది వానాకాలంలో. పదిహేను రోజుల కోర్సులో నాలుగు రోజులు వానకు పోయాయి, రెండు రోజులు మాస్టారు రాలేదు. జరగని క్లాసులకు బదులు క్లాసులు ఇస్తారా అని చేరేటప్పుడు అడగలేదు కాబట్టి ఆ ఆరు రోజులూ పోయినట్టే అయ్యాయి. ఇంట్లో అప్పటికి కారు లేదు. టెస్టుకి వెళ్దాం వెళ్దాం అనుకుంటుండగానే ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) గడువు దాటిపోయింది. రెండేళ్ళ తర్వాత అన్నీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. ఆ రెండో ఫీజు తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ డబ్బుతో కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు, పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకున్నానంతే.

అప్పటి నుంచీ కారు నేర్చుకుంటామని ఎవరు వచ్చినా నేను చెప్పేది ఒకటే. ఫీజు దగ్గర ఐదొందలు బేరమాడి తగ్గించుకోవడం మంచిదే. కానీ అసలు డబ్బు అక్కడ పోవడం లేదు. ఒకసారి కట్టినదాన్నే మళ్ళీ కట్టడంలో పోతోంది. క్లాసులకి రెండోసారి, ఎల్ఎల్ఆర్‌కి రెండోసారి, టెస్టుకి రెండోసారి. ఈ రెండోసారి రాకుండా చూసుకోవడం ఎలాగో ఒక్కొక్కటే చూద్దాం.

1. రోజులు కాదు, స్టీరింగ్ మీ చేతిలో ఉండే నిమిషాలు లెక్కపెట్టండి

"ఇరవై రోజుల కోర్సండీ, ఐదు వేలు." స్కూల్లో అడుగుపెట్టగానే వినిపించే మాట ఇదే. వెంటనే మనం పక్క స్కూలుతో పోల్చుకుంటాం. అక్కడ ఏడు వేలన్నారు, ఇక్కడ రెండు వేలు తక్కువ అని చేరిపోతాం.

కొంచెం ఆగి ఒక ప్రశ్న అడగండి. "రోజుకి ఎంతసేపు? ఆ సేపట్లో బండిలో నేనొక్కదాన్నేనా, ఇంకొకరు కూడా ఉంటారా?"

ఐదు వేల స్కూల్లో అరగంట క్లాసులో ఇద్దరిని ఎక్కించుకుంటారనుకోండి. మీరు నడిపేది పావుగంట. మిగతా పావుగంట వెనక సీట్లో కూర్చుంటారు. ఇరవై రోజులకి మీ చేతికొచ్చేది ఐదు గంటలు, అంటే గంటకి వెయ్యి రూపాయలు. ఏడు వేల స్కూల్లో అరగంటా మీదే అయితే పది గంటలు, గంటకి ఏడు వందలు. ఇప్పుడు చెప్పండి, ఏది చవక?

స్కూలు నేర్పే విధానానికి నిబంధనలున్నాయని చాలామందికి తెలియదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం సొంత కారు నడపడం నేర్పే శిక్షణ కనీసం 21 రోజులు ఉండాలి, అందులో బండి నడిపే సమయం కనీసం 10 గంటలు ఉండాలి. స్కూలుకి రవాణా శాఖ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. మాస్టారి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉండే డ్యూయల్ కంట్రోల్ బండిలోనే నేర్పాలి. ఈ పది గంటల లెక్క మనసులో పెట్టుకుని మాట్లాడండి. పదిహేను రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు అంటే మొత్తం ఐదు గంటలే కదా!

చేరేముందు ఇంకా మూడు మాటలు తేల్చుకోండి. మాస్టారు రాని రోజుకి, వాన రోజుకి బదులు క్లాసు ఇస్తారా? ఫీజులో ఎల్ఎల్ఆర్, టెస్టు రోజు బండి కలిసి ఉన్నాయా, వాటికి వేరే కట్టాలా? సగం ఇప్పుడు, సగం పది క్లాసులయ్యాక కట్టొచ్చా? ఈ మూడో ప్రశ్న అడగడానికి మొహమాటపడేవాళ్ళు ఎక్కువ. మొహమాటపడకండి. మొత్తం ముందే కట్టేస్తే, మాస్టారి పద్ధతి నచ్చకపోయినా కట్టిన డబ్బు కోసం భరించాల్సి వస్తుంది. రసీదు తీసుకోండి, దాని వెనక క్లాసుల సంఖ్య, నిమిషాలు రాయించుకోండి.

2. ఎల్ఎల్ఆర్ మీరే తీసుకోండి, క్యాలెండరు ముందు పెట్టుకుని తీసుకోండి

ఎల్ఎల్ఆర్ లేకుండా రోడ్డు మీద స్టీరింగ్ పట్టకూడదు, పక్కన మాస్టారు ఉన్నా సరే. కాబట్టి మొదటి మెట్టు అదే. ఇక్కడే చాలామంది ఏజెంటు చేతిలో రెండు మూడు వేలు పెట్టేస్తారు.

ప్రభుత్వ ఫీజు ఎంతో ఒకసారి చూడండి. కేంద్ర నిబంధనల్లో 2016 డిసెంబరులో ఖరారైన లెక్క ఇది. ఎల్ఎల్ఆర్‌కి ఒక్కో తరగతి వాహనానికి 150 రూపాయలు, దాని పరీక్షకి 50. తర్వాత డ్రైవింగ్ టెస్టుకి ఒక్కో తరగతికి 300, లైసెన్సుకి 200. ఒక్క కారుకే అయితే మొత్తం 700. దీని మీద రాష్ట్రం తీసుకునే సర్వీసు చార్జీలు కలుస్తాయి. ఏజెంటు అడిగేది ఇంతకంటే ఎన్ని రెట్లో మీరే లెక్కేసుకోండి.

పనేమైనా కష్టమా? రవాణా శాఖ వెబ్‌సైట్‌లో అప్లికేషన్ నింపి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకోవడం. ఫోనులో కరెంటు బిల్లు కట్టగలిగినవాళ్ళు ఇదీ చేయగలరు. చేతకాకపోతే ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకోండి, లేదా వీధి చివర నెట్ సెంటర్‌లో చేయించుకోండి. పరీక్ష కంప్యూటరు మీద జరుగుతుంది, తెలుగులో రాయొచ్చు. ట్రాఫిక్ గుర్తులు రెండు సాయంత్రాలు చదివితే చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోండి, పేరు. మనవాళ్ళకి ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఒక కాగితంలో వెనకుంటుంది, ఇంకో దాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది. ఆడవాళ్ళకైతే పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు ఒకచోట. ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం అక్షరం చూసి నింపండి. కార్డు వచ్చాక దిద్దించుకోవాలంటే మళ్ళీ ఫీజు, మళ్ళీ సెలవు.

ఇక తేదీలు. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకి వెళ్ళొచ్చు. అంటే మీ చేతిలో ఉన్నది ఐదు నెలలు. ఇంట్లో పెళ్ళి ఉందా? పిల్లల పరీక్షలున్నాయా? వానలు మొదలవబోతున్నాయా? అవన్నీ చూసుకుని, ఎల్ఎల్ఆర్ వచ్చిన వారంలోనే క్లాసులు మొదలయ్యేలా పెట్టుకోండి. క్లాసులు పూర్తయ్యేసరికి 30 రోజులూ దగ్గరపడతాయి, చెయ్యి ఇంకా వేడి మీదుండగానే టెస్టుకి వెళ్ళొచ్చు. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఎండలు ముదిరేలోగా ముగించడం మన ఊళ్ళకి బాగా కుదిరే పద్ధతి అని నా అభిప్రాయం. రోడ్లు పొడిగా ఉంటాయి, పొద్దున్న క్లాసులు వానకి పోవు.

స్కూటీ లైసెన్సు కూడా లేదా? రెండు తరగతులకీ ఒకే అప్లికేషన్ పెట్టండి. తరగతి ఫీజు తగ్గదు కానీ రెండోసారి ఆఫీసు చుట్టూ తిరగడం, రెండోసారి కార్డు తెప్పించుకోవడం తప్పుతాయి.

"టెస్టు లేకుండానే లైసెన్సు తెప్పిస్తాం" అని ఎవరైనా అంటే మాత్రం అక్కడి నుంచి వచ్చేయండి. చేతకాని పనికి కార్డు కొనుక్కుని మీరు రోడ్డెక్కుతారా? ఆ రోడ్డు మీద మన పిల్లలే సైకిళ్ళ మీద వెళ్తుంటారు.

3. బండి కదలకుండా నేర్చుకోగలిగినవి క్లాసులో నేర్చుకోకండి

గంటకి ఏడు వందలు పెట్టి, మొదటి రెండు క్లాసులు "ఇది క్లచ్, ఇది బ్రేకు" అని వింటూ గడిపేయడం ఎంత నష్టమో ఆలోచించండి. అవి ఇంటి ముందు ఆగి ఉన్న కారులో ఉచితంగా వస్తాయి. చుట్టాలదో పక్కింటివాళ్ళదో కారు ఉంటే ఓ ఆదివారం అరగంట అడగండి. ఇంజిన్ ఆపేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, సీటు సరిచేసుకోండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. అద్దాలు సర్దుకోండి. క్లచ్ తొక్కి గేర్లు మార్చండి. గేరు రాడ్డు వైపు చూడకుండా మొదటి నుంచి ఐదుకి వెళ్ళి, ఐదు నుంచి ఒకటికి రండి. చెయ్యి దానంతటది వెళ్ళేదాకా, యాభై సార్లయినా సరే.

ఆర్టీసీ బస్సులో వెళ్తుంటే డ్రైవరు కనిపించే ముందు సీట్లో కూర్చోండి. ఎంత దూరంలో బ్రేకు మీద కాలు పెడుతున్నాడు? మలుపుకి ముందు గేరు తగ్గిస్తున్నాడా, మలుపులో తగ్గిస్తున్నాడా? రోజూ ఆఫీసుకి వెళ్ళే అరగంట ఇలా గమనిస్తే ఇరవై రోజుల్లో పది గంటల పాఠం. టికెట్ డబ్బులు ఎలాగూ ఇస్తున్నారు కదా!

క్లాసు నుంచి రాగానే ఆ రోజు రానిది ఒక్కటి చీటీ మీద రాసుకోండి. "ఎత్తు మీద ఆగినప్పుడు బండి వెనక్కి జారింది" అని రాసి, మర్నాడు కూర్చోగానే మాస్టారికి అదే చెప్పండి. అడగనివాళ్ళని మాస్టారు రోజూ ఒకే మెయిన్ రోడ్డు మీద తిన్నగా తీసుకెళ్ళి తీసుకొస్తాడు. తిన్నగా పోవడం ఇరవై రోజులు నేర్చుకుని, రివర్సు రాక మళ్ళీ ఐదు క్లాసులు కొనుక్కున్నవాళ్ళు నాకు తెలుసు.

4. పక్క సీట్లో ఎవరు కూర్చోవాలో ముందే తేల్చుకోండి

స్కూల్లో పది గంటలతో చెయ్యి కుదరదు. మిగతా సాధన ఇంటివాళ్ళతో చేస్తే చాలా డబ్బు మిగులుతుంది. కానీ ఎవరితో?

మా పిన్ని కూతురు మొదట వాళ్ళ నాన్నతో వెళ్ళింది. బండి ఆగిపోయిన ప్రతిసారీ, "క్లచ్! క్లచ్ అని చెప్తూనే ఉన్నాగా!" అని బాబాయి కేక. మూడో రోజుకి ఆ పిల్ల తాళం బల్ల మీద పెట్టేసి, "నాన్నా, నేను స్కూల్లోనే ఇంకో నెల కడతాను" అంది. అప్పుడు వాళ్ళ మేనమామ వచ్చాడు. మళ్ళీ బండి ఆగిపోయింది.

"పర్లేదమ్మా. ఏ గేరులో ఉన్నావో చూసుకో."

"సెకండ్‌లో ఉంది మావయ్యా."

"అందుకే ఆగింది. ఫస్టుకి తెచ్చుకుని తీయి, తొందరేం లేదు."

ఇంకో నెల ఫీజు మిగిలింది. బాబాయి చెడ్డవాడేం కాదు, కూతురికి ఏమవుతుందోనన్న భయమే అరుపుగా బయటికొచ్చింది. మీ ఇంట్లోనూ అంతే. భర్త దగ్గర నేర్చుకుని, రెండో రోజే మాటామాటా వచ్చి మానేసిన ఆడవాళ్ళు ఎంతమందో! ప్రేమ ఎక్కువున్నవాళ్ళని కాదు, ఓపిక ఎక్కువున్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇంకో షరతు ఉంది, ఇది డబ్బుకి నేరుగా సంబంధించినది. పక్కన కూర్చున్నవాళ్ళకి కారు లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి, అవసరమైతే బండిని ఆపగలిగే చోట కూర్చోవాలి. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. మీ ఎల్ఎల్ఆర్ గడువులో ఉండాలి. ఈ మూడూ ఉంటేనే కారు బీమా మీకు వర్తిస్తుంది. ఏ ఒక్కటి లేకపోయినా, జరగరానిది జరిగితే కంపెనీ మీ బండి రిపేరు డబ్బు ఇవ్వకపోవచ్చు. గాయపడినవాళ్ళకి పరిహారం చెల్లించినా ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. అది లక్షల్లో ఉంటుంది. యాభై రూపాయల ఎల్ బోర్డు కోసం బద్ధకించకండి. పద్దెనిమిది నిండని పిల్లలకి "కాలనీలోనే కదా" అని కారు ఇవ్వకండి. 2019 సవరణ తర్వాత దానికి తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు ఉన్నాయి.

ఎక్కడ నడపాలి? ఊరి చివర ప్లాట్లు వేసి ఇళ్ళు ఇంకా రాని వెంచర్లు చూడండి. సిమెంటు రోడ్లు, మలుపులు, కూడళ్ళు అన్నీ ఉంటాయి, మనుషులుండరు. వాచ్‌మన్‌ని ఒక మాట అడిగి లోపలికి వెళ్ళండి. మొదటి రోజు యాక్సిలరేటర్ ముట్టుకోకండి. ఫస్టు గేరు వేసి, క్లచ్ మెల్లగా, చాలా మెల్లగా వదలండి. ఒకచోట బండి చిన్నగా వణికి కదులుతుంది. అక్కడ కాలు ఆపండి. ఆ చోటు కాలికి తెలిసేదాకా ఇరవై సార్లు చేయండి. ఈ ఒక్కటి వస్తే ఎత్తు మీద భయం పోతుంది, ట్రాఫిక్‌లో బండి ఆగిపోవడం పోతుంది, నేర్చుకునేవాళ్ళకి సగం ధైర్యం ఇక్కడే వస్తుంది.

రివర్సుకి నాలుగు వాటర్ బాటిళ్ళు చాలు. సగం నీళ్ళు పోసి, కారు పొడవుకి ఒకటిన్నర రెట్లుండే చతురస్రంలో నిలబెట్టండి. బాటిల్ పడితే ఖర్చేమీ లేదు. గోడ తగిలితే ఉంది.

5. నేర్చుకోవడానికని కారు కొనకండి

"పాతదొకటి కొనుక్కుని నేర్చుకుని అమ్మేద్దాం" అనే ఆలోచన చాలామందికి వస్తుంది. బీమా, పేరు మార్పిడి, రిపేర్లు, అమ్మేటప్పుడు తగ్గే ధర కలిపితే రెండు మూడు డ్రైవింగ్ స్కూళ్ళ ఫీజు దాటుతుంది. కొత్తది కొని దాని మీదే నేర్చుకుంటే మొదటి గీత పడిన రోజు మనసు విరిగి బండి ముట్టుకోవడం మానేస్తారు.

ఇంట్లో ఇప్పటికే కారుంటే దాన్ని కాపాడుకుంటూ నేర్చుకోండి. ఎడమ కాలు ఊరికే క్లచ్ మీద ఆనించి నడపడం, సిగ్నల్ దగ్గర గేరులోనే ఉంచి క్లచ్ తొక్కి పట్టుకోవడం, ఎత్తు మీద బ్రేకు బదులు హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం, కొత్తవాళ్ళ కాలికి త్వరగా అలవాటయ్యేవి ఈ మూడే. క్లచ్ ప్లేటు అరిగి మార్చాల్సి వస్తే వేలల్లో బిల్లు. సిగ్నల్ ఎక్కువసేపుందా? న్యూట్రల్‌లో పెట్టి కాలు తీసేయండి.

చిన్న గీతకి బీమా క్లెయిము చేయాలా? కాగితం మీద లెక్కేయండి. ఐదేళ్ళు క్లెయిము లేని బండికి సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంటుంది. ఆ ప్రీమియం 8,000 అనుకుంటే మీకు మిగిలేది 4,000. ఒక్క క్లెయిముతో అది సున్నా అవుతుంది, మళ్ళీ 20 శాతం దగ్గర మొదలవుతుంది. బంపరు గీత పెయింటుకి 2,500 అడిగారనుకోండి. అందులో 1,500 సీసీ లోపు కారుకి వెయ్యి రూపాయలు ఎలాగూ మీరే పెట్టుకోవాలి. పదిహేను వందల కోసం నాలుగు వేలు పోగొట్టుకుంటారా? అసలైతే నేర్చుకోవడం పూర్తయ్యేదాకా గీతలకి పెయింటు వేయించనే వద్దు. అన్నీ పడ్డాక ఒకేసారి వేయిద్దురుగాని.

6. టెస్టుకి ఒక్కసారే వెళ్ళేలా వెళ్ళండి

టెస్టు పోతే మళ్ళీ 300 మాత్రమే కదా అనుకోవద్దు. ఒక రోజు సెలవు, స్కూలు బండికి మళ్ళీ అద్దె, కనీసం వారం ఆగడం, ఆపైన దొరికిన స్లాటు. ఎల్ఎల్ఆర్ గడువు చివర్లో ఉంటే అదీ పోతుంది. అందుకని ఆరో నెల దాకా ఆగకుండా రెండో నెలలోనే స్లాటు తీసుకోండి.

క్లాసులు ఇంకా మిగిలి ఉండగానే ఒక రోజు ఆర్టీవో ఆఫీసు టెస్టు ట్రాక్ దగ్గరికి వెళ్ళి పావుగంట నిలబడండి. హెచ్ ఆకారంలో రివర్సు ఉందా, ఎనిమిది ఉందా, ఎత్తు మీద ఆపి ముందుకు తీయమంటున్నారా? ఎక్కడ తప్పు చేసి వెనక్కి వస్తున్నారో చూడండి. తర్వాత మాస్టారిని చివరి మూడు క్లాసులూ వాటి మీదే పెట్టమని అడగండి. మీరు నేర్చుకున్న బండిలోనే టెస్టుకి వెళ్ళండి. కొత్త బండి క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో మీ కాలికి తెలియదు. సీటు బెల్టు ఎక్కగానే పెట్టుకోండి.

మీ దగ్గర్లో ప్రభుత్వ గుర్తింపు పొందిన డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్ ఉంటే దాని ఫీజు కూడా కనుక్కోండి. 2021 జులై నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అక్కడ కారు కోర్సు 29 గంటలు, నాలుగు వారాల్లో ముగుస్తుంది. అందులో పాసైతే ఆర్టీవో ఆఫీసులో మళ్ళీ టెస్టు ఉండదు. ఫీజు ఎక్కువగా కనిపించినా గంటల లెక్కన పోల్చి చూడండి.

7. కార్డు చేతికొచ్చిన వారంలోనే నడపండి

డబ్బు అన్నిటికంటే ఎక్కువ పోయేది ఇక్కడ. నేర్చుకున్నది నెల రోజులు ముట్టుకోకపోతే భయం మళ్ళీ మొదటికొస్తుంది, ఏడాది ఆగితే స్కూలు మళ్ళీ పిలుస్తుంది. ఇంట్లో కారు లేకపోతే, కారున్న అన్నయ్యతోనో స్నేహితురాలితోనో ముందే మాట్లాడి పెట్టుకోండి. వారానికి ఒక గంట, పెట్రోలు మీరే పోయించండి. అదీ కుదరనివాళ్ళకి నా సలహా, కారు అందుబాటులోకి వచ్చే ఏడాదే స్కూల్లో చేరండి. అప్పటిదాకా ఆ డబ్బు బ్యాంకులో ఉండనివ్వండి.

పెద్ద ప్రయాణాలు పెట్టుకోవద్దు. ప్రతివారం ఎలాగూ వెళ్ళాల్సిన ఒక దగ్గరి చోటు ఎంచుకోండి. మా పిన్ని కూతురు ఆదివారం పొద్దున్న ఆరున్నరకి రైతు బజారుకి వెళ్తుంది. ఆ వేళకి పార్కింగు దొరుకుతుంది, రోడ్డు మీద స్కూలు బస్సులుండవు. మొదటి నెలంతా మేనమామ పక్కన కూర్చున్నాడు. రెండో నెల ఆయన వెనక సీట్లోకి మారి పేపరు చదువుకున్నాడు. ఇప్పుడు ఆ సీట్లో కూరగాయల సంచులుంటాయి.